అమ్మ పియానో శ్రుతి

వైనెల్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. గిన్నె అడుగున తువ్వాలు మడతపెట్టి పరిచింది. లేకపోతే గింజ పడ్డప్పుడల్లా టంగుమంటుంది. ఆ చప్పుడు ముందుగదిలో నిలబెట్టిన మైకులకు ఎక్కుతుంది. మొదటిరోజు ఒక పాట అలాగే పాడైపోయింది. "ఇంత బాగా వాయిస్తుంటే మధ్యలో ఈ వడగళ్ళు ఎక్కడివి?" అంటూ గిటారు వాయించే హార్లన్ ప్రూయిట్ వచ్చి గిన్నెలోకి తొంగిచూశాడు. అప్పటినుంచి తువ్వాలు వచ్చింది.

ఫ్రిజ్ ప్లగ్గు పీకేశారు. కిటికీలో ఏసీ ఆపేశారు. గోడగడియారాన్ని దుప్పట్లో చుట్టి బీరువాలో పెట్టారు. జూన్ నెల అలబామా ఎండ రేకుల కప్పు మీద మంట పెట్టినట్టుంది. ముందుగదిలో ఏడుగురు మగవాళ్ళు, అందరూ అరవై దాటినవాళ్ళే, చొక్కాలు ఒంటికి అతుక్కుపోయి వాయిస్తున్నారు. చెమట తుడుచుకోవాలన్నా పాట అయ్యేదాకా ఆగాల్సిందే.

ఆ బ్యాండు పేరు టాటమ్స్ ఫెర్రీ. వైనెల్ అన్న రాయిస్ టాటమ్ దాని పెద్ద. పాటలు కట్టేదీ అతనే, పాడేదీ అతనే. వైనెల్ ఉంటున్న ఈ పుట్టింటి ముందుగదిలో కుర్రతనంలో మొదలుపెట్టి పదమూడు రికార్డులు చేశారు. తర్వాత ఊళ్ళు తిరగడం ఆగిపోయింది. పదకొండేళ్ళుగా ఎవరి ఇంట్లో వాళ్ళున్నారు. ఇక అంతే అనుకుంటుంటే, నాష్‌విల్ నుంచి బ్రాంట్లీ సైక్స్ అనే అతను కారేసుకుని వచ్చి ఈ ఇంటి మెట్ల మీద కూర్చున్నాడు. రికార్డులు చేయించడం అతని పని. చిన్నప్పుడు వాళ్ళ నాన్న ట్రక్కులో ఈ బ్యాండు పాటలు తప్ప వేరేవి విననేలేదట. "పద్నాలుగోది చేద్దాం. మీరు మొదలుపెట్టిన గదిలోనే చేద్దాం. ఏడుగురూ ఒకేసారి కలిసి వాయించాలి, ముక్కలు ముక్కలుగా అతికించే పని వద్దు" అన్నాడు. కంపెనీని ఒప్పించి, ట్రక్కు నిండా సామాను తెచ్చి, భోజనాల గదిలో టేపు యంత్రం పెట్టాడు. ఆరు రోజులు గడువు ఇచ్చారు.

అయిదు రోజుల్లో తొమ్మిది పాటలు అయ్యాయి. ఈ అయిదు రోజులూ వైనెల్‌కి నేల మీద కాళ్ళు నిలవలేదు. రెండు డ్రమ్ములు ఒక్కసారి మొదలయితే అల్మరాలో పళ్ళేలు వణికేవి. రెండు గిటార్లు జంటపిట్టల్లా కలిసి పైకెగిరితే ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయేది. రెండుసార్లు మొక్కజొన్న రొట్టె మాడ్చింది. ఎవరూ ఏమీ అనలేదు, మాడింది కూడా తినేశారు.

ఈరోజు ఆఖరు రోజు. ఒక్క పాటే మిగిలింది. రికార్డుకి పెట్టబోయే పేరు ఆ పాటదే. కూసా నది మీద బల్లకట్టు నడిపిన తాత మీద రాయిస్ కట్టాడు దాన్ని. వంతెన కట్టాక తాత బల్లకట్టు ఒడ్డునే ఎండి విరిగిపోయింది. 'అందరినీ దాటించినవాణ్ణి ఆవలికి ఎవరు దాటిస్తారు' అనే చోట రాయిస్ గొంతు ఒక్కసారిగా పైకి లేవాలి. పొద్దుటినుంచి అక్కడే విరిగిపోతోంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర రాయిస్ గ్లాసు కింద పెట్టి చెప్పేశాడు. "ఆరు గంటల దాకా చూస్తాను. నా పాట నేను పాడలేకపోతే రికార్డూ వద్దు, ఏమీ వద్దు. కంపెనీకి నేనే ఫోన్ చేస్తాను, టాటమ్స్ ఫెర్రీ అయిపోయిందని."

ఎవరూ బతిమాలలేదు. రాయిస్ అన్న మాట వెనక్కి తీసుకోడని అందరికీ తెలుసు. ఇప్పుడు మూడున్నర అయింది.

ముందుగదిలో పియానో మీద ఒకే మెట్టు మూడుసార్లు మోగింది. పియానో వాయించే ఫెరెల్ ఓడమ్ శ్రుతి ఇస్తున్నాడు. గిటార్లు ఆ స్వరానికి సరిచూసుకున్నాయి. ఇది ఆ బ్యాండు పాత పద్ధతి. ఆ పియానో రాయిస్, వైనెల్‌ల తల్లిది. ఏ రికార్డుకైనా ఈ పియానో చెప్పిందే శ్రుతి. మొదటిరోజు బ్రాంట్లీ శ్రుతి చూపించే చిన్న యంత్రం జేబులోంచి తీయబోతే రాయిస్ తలుపు చూపించాడు. "ఆ బుడ్డి దీపాల పెట్టెని కారులో పెట్టిరా అబ్బాయ్. అమ్మ పియానో ఉండగా మాకు అది చెప్పేదేంటి?"

పాట మొదలైంది. వైనెల్ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. మొదటి చరణం హాయిగా వెళ్ళింది. గిటార్లు పైకి లేచాయి. రాయిస్ ఊపిరి పీల్చడం తలుపు ఇవతలికి కూడా వినిపించింది. 'అందరినీ దాటించినవాణ్ణి' దాకా వచ్చి, 'ఎవరు' దగ్గర గొంతు బీటలు వారి, చివరికి దగ్గుగా మారింది.

వాద్యాలు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి.

"పదమూడోసారి" అన్నాడు హార్లన్. "ఈ అంకె మనకి అచ్చిరాదు, పద్నాలుగోదానికి పదండి."

"నోర్ముయ్ హార్లన్" అన్నాడు రాయిస్. ఆ మాటలో కోపం కూడా లేదు.

బ్రాంట్లీ భోజనాల గదిలోంచి వచ్చాడు. "మిస్టర్ రాయిస్, ఒక్కమాట. టేపు కొంచెం నెమ్మదిగా తిప్పుతాను. మీరు కిందనే పాడండి. తర్వాత మామూలుగా తిప్పితే పైన పాడినట్టే ఉంటుంది."

"ఉడత పాడినట్టుంటుంది."

"ఎవరికీ తెలీదండి."

"నాకు తెలుస్తుంది. ఉడతకీ తెలుస్తుంది."

హార్లన్ నవ్వబోయి మానేశాడు. బ్రాంట్లీ జుట్టులోకి చేతులు పోనిచ్చి అటూ ఇటూ తిరిగాడు. అతను ఊరుకునే రకం కాదు. సంచీలోంచి ఒక క్యాసెట్ తీశాడు. "ఇది వినండి. పోయిన అక్టోబరులో మీరు నాకు పోస్టులో పంపిందే. ఈ గదిలోనే, ఈ పియానో ముందే, మీరొక్కరే వాయిస్తూ పాడారు. ఎనిమిది నెలలే అయింది. వినండి!"

క్యాసెట్‌లో ముందు పియానో మోగింది, వెనకే రాయిస్ గొంతు వచ్చింది. పక్కన ఎక్కడో కుక్క మొరిగింది. పాట ఆ చోటికి వచ్చేసరికి గొంతు తేలిగ్గా, గాలికి గాలిపటం లేచినట్టు పైకి లేచింది.

"ఎనిమిది నెలల్లో మనిషి ముసలాడు కావచ్చు అబ్బాయ్" అన్నాడు రాయిస్. "నేనయ్యాను."

ఫెరెల్ ఏమీ తోచక పాటలోని మొదటి స్వరాలు పియానో మీద మెల్లగా వాయించాడు.

వైనెల్ చేతిలోంచి చిక్కుడుకాయ జారి కింద పడింది.

క్యాసెట్‌లో విన్న పియానో, ఇప్పుడు ఫెరెల్ వాయించిన పియానో ఒకటి కాదు. అవే మెట్లు, అదే వరస. అయినా ఇది అర శ్రుతి పైన, అంటే పక్క మెట్టంత ఎత్తులో ఉంది. ఇలాంటి తేడా ఆమె చెవికి తెలిసినంతగా ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. ఊరి చర్చిలో నలభై ఏళ్ళుగా పియానో వాయించేది ఆమే. పాడేవాళ్ళు ముసలివాళ్ళవుతున్నకొద్దీ ఆమె ప్రార్థన పాటల్ని రెండు మూడేళ్ళకోసారి అర శ్రుతి చొప్పున కిందికి దించుతూ వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. ఎనభై ఏళ్ళు దాటిన మిస్ యుడోరా ఇప్పటికీ పాట అయ్యాక గుండె మీద చెయ్యి వేసుకుని, "చూశావా, నా గొంతు చెక్కుచెదరలేదు" అని మురిసిపోతుంది.

అర శ్రుతి పైకి ఎలా పోయిందో కూడా వైనెల్‌కి తెలుసు. పంపింది ఆమే.

మార్చి నెలలో, రికార్డు ఇక్కడే చేస్తారని తేలగానే, ఆమె గాడ్స్‌డెన్ నుంచి పియానోలు బాగుచేసే ఆయన్ని పిలిపించింది. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ పియానోకి ఎవరూ శ్రుతి చేయించలేదు. పిల్లలకి చెప్పులు కొనాలా, పియానోకి మనిషిని పెట్టాలా అనేది అమ్మ. ఆయన మూడు వారాల్లో మూడుసార్లు వచ్చి, తీగలు తెగకుండా కొంచెం కొంచెం బిగించి, దాన్ని సరైన శ్రుతికి తెచ్చాడు. అన్నని ఆశ్చర్యపరచాలని ఆమె ఎవరికీ చెప్పలేదు. అతను వచ్చినరోజు పియానో దగ్గర కూర్చోగానే 'అబ్బ, ఎంత బాగుందే వైనీ' అంటాడని చూసింది. అనలేదు. ఎవరూ గుర్తించలేదని కాస్త చిన్నబుచ్చుకుని వంటపనిలో పడిపోయింది.

పియానో అర శ్రుతి కిందికి దిగిపోయి ఉందనీ, కుర్రాళ్ళు దానికే గిటార్లు దించుకుని వాయించడం నేర్చుకున్నారనీ, రాయిస్ పాటలన్నీ ఆ శ్రుతిలోనే పుట్టాయనీ ఆమెకు ఒక్కసారి కూడా తట్టలేదు. ముందు చేసిన తొమ్మిది పాటల్లో రాయిస్ గొంతుకి పెద్దగా పైకి పోయే పని లేదు. అందుకే అవి గట్టెక్కాయి.

ఆమె లేచి ముందుగది గుమ్మంలో నిలబడింది. చేతులకి చిక్కుడు పసరు ఉంది.

"రాయిస్, నీ గొంతుకి ఏమీ కాలేదు" అంది.

"వైనీ, ఇప్పుడు ఓదార్చకు. వెళ్ళి పని చూసుకో."

"ఓదార్చడం కాదు. పియానో పైకి పోయింది. నేనే చేయించాను. మార్చిలో మనిషిని పిలిచి శ్రుతి చేయించాను. అర శ్రుతి పైన ఉంది. మీరంతా దానికే బిగించుకుని వాయిస్తున్నారు."

ఎవరి వాద్యం వైపు వాళ్ళు చూసుకున్నారు.

మొదట అరిచింది హార్లన్. "అర శ్రుతా!" అని గిటారు మెడ పట్టుకుని లేచి నిలబడ్డాడు. "అందుకేనా తీగలు ఇనుపకంచెలా ఉన్నాయి! ఆరు రోజుల్లో నాలుగు తీగలు తెగాయిరా నాకు! వేళ్ళు పనికిరాకుండా పోయాయనుకుని సోమవారానికి డాక్టరు దగ్గర టైము తీసుకున్నాను. మా ఆవిడకి చెప్పాను, ఇక ఈ చేతులు కోళ్ళకి మేత వేయడానికే అని!"

"మరి మాకు చెప్పలేదేం?" అన్నాడు బేస్ గిటారు వాయించే టోలీ.

"నువ్వు చెప్పావా? నిన్న దొంగచాటుగా సన్న తీగలు వేసుకున్నావు, నేను చూడలేదనుకున్నావా?"

"నాకు భుజం నొప్పి" అన్నాడు టోలీ నేల చూపులు చూస్తూ. తర్వాత తనే పకపకా నవ్వేశాడు.

ఫెరెల్ చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. అక్కడ చర్మం రంగులో చిన్న మిషను ఉంది. "ఇది పెట్టించుకుని రెండు నెలలైంది. ఇది పెట్టుకున్నాక లోకమంతా కాస్త పైకి వినిపిస్తోందనుకున్నాను. పిట్టలు కూడా! డాక్టరు అలవాటవుతుందన్నాడు. సరే అలవాటు చేసుకుంటున్నాను."

"నేనూ విన్నాను" అన్నాడు బ్రాంట్లీ తల కొట్టుకుంటూ. "క్యాసెట్‌కీ దీనికీ తేడా ఉందని నిన్నే విన్నాను. క్యాసెట్ మిషను నెమ్మదిగా తిరుగుతోందనుకున్నాను! నాకు జీతమిచ్చేదే ఈ చెవులకి!"

ఇద్దరు డ్రమ్మర్లు ఒకరినొకరు చూసుకున్నారు. వాళ్ళకి శ్రుతితో పని లేదు కాబట్టి తప్పు కూడా లేదు. ఆ సంతోషంలో ఒకడు డ్రమ్ము మీద గట్టిగా ఒక దెబ్బ వేశాడు.

రాయిస్ మాత్రం కదలకుండా చెల్లెల్నే చూస్తున్నాడు. వైనెల్ ఏప్రన్‌తో చేతులు తుడుచుకుంటోంది, తుడిచిందే తుడుస్తోంది.

"ఆరు రోజులు" అన్నాడు రాయిస్. "ఆరు రోజులుగా తేనె తాగుతున్నానే. వెనిగరు తాగుతున్నాను. రాత్రి దిండులో నోరు పెట్టి స్వరాలు పాడుకుంటున్నాను, మీకెవరికీ వినపడకూడదని. నిన్న ఫోన్ దగ్గరికి కూడా వెళ్ళాను."

"తెలీక చేశాను రాయిస్. బాగుంటుందనే..."

"నేను ముసలాణ్ణి కాలేదన్నమాట."

"అరవైఆరు వచ్చాయి" అన్నాడు హార్లన్. "కొంచెం అయ్యావు."

రాయిస్ మొహం విచ్చుకుంది. "గిటార్లు దించండ్రా!" అని అరిచాడు. ఆ అరుపుకి బయట మెట్ల మీద పడుకున్న కుక్క లేచి మొరిగింది.

గిటార్ల తీగలు వదులయ్యాయి. హార్లన్ ఒకసారి మీటి చూసుకుని కళ్ళు మూసుకున్నాడు. "అమ్మయ్య. ఇదీ నా గిటారు. వెన్నలా ఉంది." అందరికీ ఒక్కసారిగా పాతికేళ్ళు తగ్గిపోయినట్టుంది. ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు. బ్రాంట్లీ యంత్రం దగ్గరికి పరుగెత్తాడు. నాలుగున్నర అయింది.

అప్పుడు ఫెరెల్ అన్నాడు, "మరి నేనో?"

గిటార్లు దిగాయి గానీ పియానో దిగదు. మూడు వారాల్లో ఎక్కించినదాన్ని గంటలో దించలేరు. పాట అర శ్రుతి కింద వాయించాలంటే, పియానో మీద వేళ్ళు తెల్ల మెట్ల నుంచి నల్ల మెట్ల మీదికి మారాలి. ఫెరెల్ పుస్తకం చూసి నేర్చుకున్నవాడు కాదు. అతని వేళ్ళకి తెలిసిన దారులు నాలుగే, ఆ నాలుగూ తెల్ల మెట్ల మీదవే. ఆ దారుల్లో అతన్ని మించినవాడు అలబామాలో లేడు.

"ప్రయత్నిస్తాను" అని కూర్చున్నాడు. నాలుగు స్వరాలు సరిగ్గా వచ్చాయి. అయిదోది పక్క మెట్టు మీద పడింది. మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి మూడో స్వరానికే తప్పింది. హార్లన్ పళ్ళు బిగబట్టి గోడవైపు తిరిగాడు. ఫెరెల్ వేళ్ళ మీదినుంచి చెమట మెట్ల మీదికి కారింది. పావుగంట అలాగే గడిచింది. పాటలో సగానికి కూడా చేరలేదు.

అతను చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. "నల్ల మెట్లంటే నాకు పరాయి ఊరురా. అక్కడ ఒక్క వీధి కూడా తెలీదు" అన్నాడు. తర్వాత గుమ్మం వైపు చూశాడు. "వైనీ, చర్చిలో నువ్వు ఆ ఊళ్ళోనే కదా కాపురం. రా, కూర్చో."

వైనెల్ కదలలేదు.

ఈ బ్యాండు ఈ గదిలో మొదలైనప్పుడు పియానో ముందు కూర్చున్నది వైనెలే. అప్పుడు ఆమెకు పంతొమ్మిదేళ్ళు. కుర్రాళ్ళు వ్యాను కొనుక్కుని ఊళ్ళ మీదికి బయలుదేరినప్పుడు, ఆడపిల్ల ఆరుగురు మగపిల్లలతో వ్యాన్‌లో పడుకుంటుందా అని అమ్మ ఒప్పుకోలేదు. అప్పుడు ఫెరెల్ వచ్చాడు. పదమూడు రికార్డులూ అతనే వాయించాడు. వాటిలో ప్రతి పాటనీ వైనెల్ ఒంటరిగా ఉన్నప్పుడు ఈ పియానో మీద వాయించుకుంది. ఆ సంగతి ఎవరికీ తెలియదు.

"టైము అయిదవుతోంది మిస్ వైనెల్" అన్నాడు బ్రాంట్లీ, గుమ్మం అవతలినుంచి.

ఆమె ఏప్రన్ విప్పి కుర్చీ మీద వేసింది. ఫెరెల్ లేచి ఆమెకు పీట జరిపాడు. హార్లన్ మూలనున్న కంజీర లాంటి గజ్జెల చక్రం తీసి ఫెరెల్ చేతికిచ్చాడు. "దీనికి నల్ల మెట్లు లేవు."

"నీ మొహానికి లేవు" అన్నాడు ఫెరెల్, చక్రం అందుకుంటూ.

వైనెల్ మెట్ల మీద చేతులు పెట్టింది. గోళ్ళలో చిక్కుడు పసరు ఇంకా అలాగే ఉంది.

డ్రమ్మరు కర్రలు నాలుగుసార్లు కొట్టాడు.

అయిదు రోజులుగా తలుపు ఇవతల విన్న చప్పుడు ఇప్పుడు ఆమె చుట్టూ ఉంది. బేస్ గిటారు అరికాళ్ళలోంచి ఎక్కింది. రెండు డ్రమ్ములు వీపు మీద మోగాయి. కళ్ళు మూసుకోవాలనిపించినా మూసుకోలేదు, అన్న వీపునే చూస్తూ వాయించింది. మొదటి చరణం అయింది. గిటార్లు రెండూ కలిసి లేచాయి, ఈసారి తేలిగ్గా, ఏ తీగా మూలగకుండా. రాయిస్ భుజాలు పైకి లేచాయి. ఊపిరి పీల్చాడు. వైనెల్ ఆ ఊపిరి కోసం, మిస్ యుడోరా కోసం ఆగినట్టే, వెంట్రుకవాసి ఆగింది.

'అందరినీ దాటించినవాణ్ణి ఆవలికి ఎవరు దాటిస్తారు.'

గొంతు లేచింది. విరగలేదు. కొంచెం బొంగురు పోయింది, అంచు కాస్త చిరిగింది, అయినా లేచి అక్కడే నిలిచింది. క్యాసెట్‌లో ఉన్నంత నునుపుగా లేదు. దానికంటే బాగుంది. ఆ స్వరం మీద అతను ఎంతసేపు నిలబడ్డాడంటే, డ్రమ్ములు ఒక వరస దాటి ముందుకు పోబోయి మళ్ళీ అతని కోసం ఆగాల్సి వచ్చింది. హార్లన్ గిటారు ఆ గొంతు వెనకే ఏడుస్తూ పరుగెత్తింది. వైనెల్ వేళ్ళు వాటంతట అవే పోతున్నాయి, అక్కడ ప్రతి వీధీ వాటికి తెలుసు.

ఆఖరి స్వరం మోగి మోగి ఆగింది. బ్రాంట్లీ చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు, ఎవరూ కదలవద్దని. ఏడుగురూ, వైనెల్‌తో ఎనిమిదిమందీ ఊపిరి బిగబట్టారు. టేపు ఆగింది. చెయ్యి దిగింది.

ఇల్లు అరుపులతో దద్దరిల్లింది.

హార్లన్ ఒక డ్రమ్మరుని కావలించుకుని గిరగిరా తిప్పాడు. టోలీ నేల మీద వెల్లకిలా పడుకుని కాళ్ళు కొట్టాడు. ఫెరెల్ గజ్జెల చక్రం నెత్తి మీద టోపీలా పెట్టుకున్నాడు. బ్రాంట్లీ కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే, "వినండి, వినండి, ఎవరూ మాట్లాడకండి" అని అందరికంటే గట్టిగా అరుస్తూ టేపు వెనక్కి తిప్పాడు. అందరూ భోజనాల గదిలో ఒకరి మీద ఒకరు పడి విన్నారు. ఆ చోటు వచ్చేసరికి రాయిస్ చెల్లెలి భుజం పట్టుకున్నాడు. ఆ పట్టుకి ఆమెకు నొప్పి పుట్టింది. అలాగే ఉంచుకుంది.

పాట అయ్యాక రాయిస్ గొంతు సవరించుకున్నాడు. "కంపెనీకి ఫోన్ చేస్తాను" అన్నాడు. అందరూ అతని మొహంలోకి చూశారు. "పాట అయిందని చెప్తాను."

మళ్ళీ అరుపులు. ఆ అరుపుల మధ్యలోనే బ్రాంట్లీకి ఆలోచన వచ్చింది. బల్ల మీద గుద్దాడు. "మిస్టర్ రాయిస్! ఈ శ్రుతిలో మీ గొంతు విన్నారు కదా. గిటార్లు విన్నారు కదా. ఆ తొమ్మిదీ మళ్ళీ చేద్దాం! అన్నీ ఇలాగే, మిస్ వైనెల్ పియానోతో! ట్రక్కు ఇంకో నాలుగు రోజులు ఆపుతాను, నా కారు అమ్మైనా ఆపుతాను!"

"అదీ మాట!" అన్నాడు హార్లన్. "వెన్నలాంటి తీగలతో మళ్ళీ మొదటినుంచి!"

"అబ్బాయ్, నీకు బుర్ర ఉందిరోయ్" అన్నాడు రాయిస్. అతను ఆ మధ్యాహ్నం మనిషి కాదు, కళ్ళు మెరుస్తున్నాయి. "ఏమే వైనీ? నలభైనాలుగేళ్ళు ఆలస్యంగానైనా బ్యాండులోకి వచ్చావు. నాలుగు రోజులు వాయించవే. పేరు పెద్ద అక్షరాలతో వేయిస్తాను."

అందరూ ఆమె వైపు తిరిగారు. ఎర్రబడ్డ మొహాలు, తడిసిన చొక్కాలు, చిన్నపిల్లల్లాంటి కళ్ళు. వైనెల్ గుండె ఇంకా పాట వేగంతోనే కొట్టుకుంటోంది. తొమ్మిది పాటలూ ఆమె వేళ్ళలో ఉన్నాయి. ఇప్పుడే కూర్చోమన్నా వాయించగలదు. వాయించాలని ఉంది. ఇంతగా దేన్నీ కోరుకున్నట్టు ఆమెకు గుర్తులేదు.

ఫెరెల్ మాత్రం ఆమె వైపు చూడటంలేదు. గజ్జెల చక్రం నెత్తి మీదినుంచి తీసి, కళ్ళజోడు చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు. ఎంతసేపు తుడిచినా అది శుభ్రపడినట్టు లేదు. అతను వాయించిన తొమ్మిది పాటలూ ఆ పక్కన డబ్బాల్లో, టేపు చుట్టల మీద, అతని పేరుతో ఉన్నాయి. వాటిలో ఒక్క తప్పు కూడా లేదు. అయిదు రోజులూ తలుపు ఇవతల నిలబడి ఆమె విన్నది వాటినే.

"ఏంటే, నోరు పడిపోయిందా?" అన్నాడు రాయిస్ నవ్వుతూ. "ఊఁ అను చాలు."

నోరు తెరిస్తే ఊఁ అనే వస్తుందని ఆమెకు తెలుసు. ఆ ఒక్కటి అంటే చాలు, రాత్రికల్లా ఫెరెల్ వాయించిన ఆ తొమ్మిది డబ్బాలూ మంచం కిందికి పోతాయి.

ఆమె భోజనాల గదిలోంచి ముందుగదిలోకి నడిచింది. పియానో ముందు పీట తను కూర్చున్న చోటే ఉంది. దాన్ని కాలితో రెండంగుళాలు వెనక్కి, ఫెరెల్ పొడుగు కాళ్ళకి సరిపడేలా జరిపింది. కుర్చీ మీది ఏప్రన్ తీసి మడతపెట్టింది. నల్ల మెట్ల మీద వాయించేవాళ్ళు ఇంట్లో లేకపోతే ఆ తొమ్మిదీ ఉన్నట్టే ఉంటాయి. గుమ్మం పక్కన మేకుకి వేలాడుతున్న కారు తాళాలు తీసుకుంది.

"వైనీ?" అన్నాడు రాయిస్ వెనకనుంచి.

ఫెరెల్ కళ్ళజోడు పెట్టుకుని పీట వైపు చూశాడు, తర్వాత ఆమె వైపు చూశాడు. ఆమె పెదవులు గట్టిగా బిగించుకుని, దోమల తెర తలుపు తోసుకుని, ఒక్కమాట కూడా అనకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.